‘ఏం లేదు’ వెనక ఎంతో ఉంది!

అడిగితే ‘ఏం లేదు’. మళ్లీ అడిగితే ‘బానే ఉన్నా’. మూడోసారి అడిగితే విసుగు. పిల్లలు ఏదీ చెప్పరని పెద్దల ఫిర్యాదు. చెప్పినా వినరని పిల్లల ఫిర్యాదు. ఈ రెండింటి మధ్య గొంతులోనే ఆగిపోతున్న మాట ఒకటుంది... ‘నాకు సాయం కావాలి’!

ఆదివారం. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఫోన్ దగ్గర పెద్ద క్యూ. ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే.

‘తిన్నావా?’

‘ఊఁ.’

‘బాగా చదువుతున్నావా?’

‘ఊఁ.’

‘వీక్లీ టెస్టులో ఎన్నొచ్చాయి?’

కాసేపు మౌనం. ‘కొంచెం తగ్గాయి.’

‘ఈసారి తెచ్చుకో. ఇంకేంటి విశేషాలు?’

‘ఏం లేదు.’

‘డబ్బులేమైనా కావాలా?’

‘వద్దు. ఉంటా డాడీ.’

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సంభాషణ కొత్తేమీ కాదు. ఇందులో తప్పుపట్టాల్సిన మాట ఒక్కటీ లేదు. తండ్రికి ప్రేమ లేదనీ అనలేం. తిండి గురించి అడిగాడు, చదువు గురించి అడిగాడు, డబ్బు గురించీ అడిగాడు. కానీ ‘కొంచెం తగ్గాయి’ అనడానికి ముందు ఆ పిల్లాడు ఎందుకు ఆగాడో మాత్రం అడగలేదు. బహుశా చెప్పాలనుకున్నది అక్కడే ఉంది.

ఇంట్లో ఉండి చదివే పిల్లల సంగతీ అంతే. ఒకే ఇల్లు, ఒకే డైనింగ్ టేబులు, అయినా నోరు విప్పరు. డిగ్రీలు పూర్తిచేసి అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లదీ, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఇంటికి ఫోన్ చేసేవాళ్లదీ అదే కథ. ‘బానే ఉన్నా’ అన్న ఒక్కమాటతో ఫోను పెట్టేస్తారు.

ఎందుకిలా?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2021లో యునిసెఫ్ ప్రపంచ బాలల స్థితిగతుల మీద ఓ నివేదిక ఇచ్చింది. దానికోసం 21 దేశాల్లో 15-24 ఏళ్ల యువతను ఓ ప్రశ్న అడిగారు. మానసిక సమస్య వస్తే మరొకరి సాయం తీసుకోవడం మంచిదేనా, లేక ఎవరికివారే తేల్చుకోవాలా? సగటున 83 శాతం మంది సాయం తీసుకోవడమే మంచిదన్నారు. మనదేశంలో ఆ మాట అన్నది 41 శాతమే. ఆ 21 దేశాల్లోనూ సగం మంది కూడా ‘అవును’ అనని దేశం మనదొక్కటే!

పోనీ మన పిల్లలకు దిగులే లేదా? అదే సర్వేలో మన దేశపు యువతలో ప్రతి ఏడుగురిలో ఒకరు తరచూ కుంగిపోతుంటామనో, ఏ పనిమీదా ఆసక్తి ఉండటం లేదనో చెప్పారు. బాధ ఉంది. దాన్ని మరొకరికి చెప్పుకోవచ్చన్న నమ్మకమే లేదు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలింది మరొకటి. మానసిక సమస్యలున్నవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఏ ఒక్కరి మరణానికీ ఒకే కారణాన్ని అంటగట్టలేం. కానీ వాళ్లలో ఎందరు ఎవరికైనా చెప్పాలని చూశారో, ఎన్నిసార్లు మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిందో ఏ లెక్కల్లోనూ దొరకదు.

వైద్యులు చాలినంతమంది లేకపోవడం ఒక సమస్య. అంతకన్నా ముందు వచ్చేది, సాయం అడగొచ్చని పిల్లలకు తోచకపోవడం.

మాటలకు కరవా?

తెలుగులో మనసు మాటలకు కొదవలేదు. దిగులు వేరు, బెంగ వేరు. ఉక్రోషం వేరు, కోపం వేరు. అలక, కినుక, బెరుకు, జంకు, చిన్నబోవడం, మనసు చివుక్కుమనడం... దేని రుచి దానిదే. పిల్లాడు హాస్టల్ నుంచి వచ్చి అన్నం సరిగా తినకపోతే ‘బెంగపెట్టుకున్నాడే’ అని అమ్మమ్మ ఇట్టే కనిపెట్టేది. ఆ మాటలో నింద లేదు, జబ్బన్న ముద్రా లేదు. ఇల్లు మీదికి మనసు పోయిందని అర్థం. అంతే.

ఇప్పటి పిల్లల దగ్గర ఆ మాటలు లేవు. పరీక్ష భయమైనా, స్నేహితుడు దూరమైనా, నాన్న కొట్టినా, భవిష్యత్తు అంధకారంగా కనిపించినా అన్నిటికీ ‘టెన్షన్’ అనో, ‘మూడాఫ్’ అనో, ‘బోర్’ అనో ఒకటే చెబుతారు. ‘ఫీల్ అయ్యావా?’ అన్నది వెటకారమైపోయింది. బాధ చెప్పుకుంటే స్నేహితులిచ్చే మందు ఒకటే... ‘లైట్ తీస్కో మామా’. ఆ మాట అనేవాడిది చెడ్డ మనసేమీ కాదు. వాడికీ అంతకుమించి ఏమనాలో తెలియదు. వాడి బాధకూ ఎవరో ఎప్పుడో అదే మందు ఇచ్చారు మరి!

పేరు తెలియని బాధను ఎలా అడగాలో తెలియదు. తనకొచ్చింది సిగ్గో, భయమో, ఒంటరితనమో తేల్చుకోలేనివాడు అమ్మ అడిగితే ఏమని చెబుతాడు? ‘ఏం లేదు’ అంటాడు. అది అబద్ధం కాకపోవచ్చు. చెప్పడానికి మాట దొరకలేదన్న సమాధానం కావచ్చు.

కడుపు చించుకుంటే...

మనకు మూడు సామెతలున్నాయి. ‘అమ్మయినా అడగందే అన్నం పెట్టదు’ అన్నది ఒకటి. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’, ‘కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది’ అన్నవి మిగతా రెండూ. మొదటిది అడగమంటుంది. మిగతా రెండూ నోరు మూసుకోమంటాయి. పెంపకంలో మనం దేన్ని ఎక్కువగా నూరిపోస్తున్నాం?

మగపిల్లాడు కంటతడి పెడితే ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అంటాం. అయిదేళ్ల వయసులో విన్న ఆ మాట పాతికేళ్లొచ్చినా చెవిలో మోగుతూనే ఉంటుంది. దిగులును దిగులుగా చూపించడం తప్పయినప్పుడు అది కోపంగా, బైకు వేగంగా, మందు అలవాటుగా బయటికొస్తుంది. ఆడపిల్లకు ఏడవడానికి అనుమతి ఉంటుంది గానీ కారణం చెప్పడానికి ఉండదు. బస్సులో ఎవడో ఏడిపిస్తున్నాడని చెబితే చదువు మాన్పించేస్తారేమోనని భయం. డాక్టర్ దగ్గరికి వెళ్తే రేపు సంబంధాలు రావని ఇంట్లోవాళ్ల భయం.

అన్నిటికన్నా బరువైనది మరొకటుంది. కాలేజీ ఫీజు కోసం నాన్న పొలం తాకట్టు పెట్టాడని పిల్లాడికి తెలుసు. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయనీ తెలుసు. ‘మేం పడ్డ కష్టాలు నువ్వు పడకూడదనే కదా’ అన్న మాట ప్రేమతో అన్నదే. కానీ ఆ మాట విన్నాక ‘నాకు ఈ చదువు చేతకావట్లేదు నాన్నా’ అనడానికి నోరెలా వస్తుంది? అమ్మానాన్నల మీద ప్రేమ లేక దాచే పిల్లలకన్నా, వాళ్లు తట్టుకోలేరని దాచే పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు.

2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’ ఇళ్లిళ్లా అంత చర్చకు దారితీసింది ఇందుకే. అందులో తండ్రి దుర్మార్గుడు కాదు. కొడుక్కి అన్నీ ఇచ్చాడు. నోరు తెరిచే చోటు ఇవ్వలేదంతే. ఏళ్లతరబడి చెప్పాల్సినవన్నీ కొడుకు ఒక్కసారిగా కుమ్మరించినప్పుడు థియేటర్లో చాలామంది పిల్లలు తమనూ, చాలామంది తండ్రులు తమనూ చూసుకున్నారు. సినిమాలో ఆ రోజు వచ్చింది. అన్ని ఇళ్లలోనూ వస్తుందన్న పూచీ లేదు.

ఇక ఆసుపత్రుల సంగతి. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అని హైదరాబాద్‌లో, ‘వైజాగ్‌కు టికెట్ కొనాలి’ అని కోస్తాలో జోకులు. తెలుగువాళ్లకు దశాబ్దాలుగా సేవలందిస్తున్న రెండు మానసిక వైద్యశాలల ఊళ్లు అలా తిట్లయిపోయాయి. ఆ జోకుకు నవ్వుతూ పెరిగిన పిల్లాడు రేపు తనకే అవసరమొస్తే ఆ గేటు లోపలికి అడుగుపెడతాడా?

చెప్పిన రోజున ఏం జరుగుతుంది?

ఎన్నాళ్లకో ధైర్యం చేసి, రాత్రి అన్నాలయ్యాక, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న తల్లి దగ్గరికొచ్చి ఓ అమ్మాయి ‘నాకేం బాగోలేదమ్మా’ అందనుకోండి. మనం సాధారణంగా ఏమంటాం?

‘ఈ వయసులో నీకేం కష్టాలే?’

‘మా రోజుల్లో మూడు మైళ్లు నడిచి వెళ్లి చదువుకున్నాం.’

‘పక్కింటి పిల్లను చూడు. తనకు లేని బాధ నీకెందుకు?’

‘అంతా ఆ సెల్‌ఫోన్ వల్లే. ముందు అది ఇలా ఇవ్వు.’

‘దేవుడికి దణ్ణం పెట్టుకుని పడుకో. పొద్దున్నకి అంతా సర్దుకుంటుంది.’

వీటిలో ఏదీ శత్రువు అనే మాట కాదు. కానీ ఏ జవాబిచ్చినా ఆ అమ్మాయికి అర్థమయ్యేది ఒకటే... చెప్పి ప్రయోజనం లేదు. పైగా ఫోను పోయింది! మర్నాడు ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘ఏం లేదు, బానే ఉన్నా’ అంటుంది. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. కూతురు మళ్లీ ఆ వంటింటి గుమ్మం తొక్కదు.

మరేమనాలి? గిన్నెలు పక్కనపెట్టి కూర్చోవాలి. ‘ఎప్పట్నుంచి ఇలా ఉంది?’ అనాలి. చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డురాకూడదు. సలహా నోటిదాకా వచ్చినా ఆపుకోవాలి. చివర్లో ‘చెప్పి మంచిపని చేశావు. ఇద్దరం కలిసి చూద్దాం’ అంటే చాలు. పరిష్కారం ఆ రాత్రే దొరకనక్కర్లేదు. రేపు మళ్లీ చెప్పుకోవచ్చన్న భరోసా దొరికితే సగం బరువు దిగినట్టే.

నోటితో చెప్పకపోయినా...

మాటల్లో రానిది చాలాసార్లు ఒంట్లోంచి వస్తుంది. పరీక్షలప్పుడల్లా కడుపునొప్పి, ఏ పరీక్షలోనూ ఏమీ తేలని తలనొప్పి, నిద్ర పట్టకపోవడం లేదా రోజంతా పడుకునే ఉండటం, తిండి మీద ధ్యాస లేకపోవడం. ఇష్టమైన క్రికెట్టో, పాటలో, ముగ్గులో ఉన్నట్టుండి మానేయడం. స్నేహితులకు మొహం చాటేయడం. చిన్నదానికే కస్సుమనడం. వీటిలో ఒకటి ఎప్పుడైనా కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఈ వయసులో మూడ్ మారుతుంటుంది. కానీ ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు పైగా రోజూ ఉంటే, చదువూ తిండీ నిద్రా దెబ్బతింటుంటే వైద్యుల్ని కలవాల్సిందే.

‘నేను లేకపోతే మీకు హాయి’, ‘ఇంకెన్నాళ్లులే’ లాంటి మాటలు దొర్లినా, ప్రాణంగా చూసుకునే వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే పక్కన కూర్చుని నేరుగా అడగాలి... ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందేమోనని చాలామంది భయం. అది అపోహే. అలా అడగడం ప్రమాదాన్ని పెంచదనీ, తమ బాధ ఒకరికి అర్థమైందన్న ఊరటనిస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవునంటే కోప్పడకండి, ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యసాయం అందేలా చూడండి.

పేరు పెడితే పట్టు దొరుకుతుంది

మనసులోది మాటల్లో పెడితే నిజంగా తేడా ఉంటుందా? ఉంటుందనే అంటోంది సైన్సు. 2007లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపించారు. ఆ భావానికి సరిపడే మాటను ఎంచుకోమన్నప్పుడు, భయానికి స్పందించే అమిగ్డాలా అనే మెదడు భాగంలో ఉద్ధృతి తగ్గడం స్కానింగ్‌లో కనిపించింది.

అంతకుముందే, 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులతో మరో ప్రయోగం చేశారు. తమను బాగా కలచివేసిన సంఘటన గురించి నాలుగు రోజులపాటు రోజుకు 15 నిమిషాలు రాయించారు. ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ రాసినవాళ్లకు ఆ క్షణంలో దిగులు పెరిగింది. కానీ తర్వాతి నెలల్లో, మామూలు విషయాలు రాసినవాళ్లతో పోలిస్తే, వాళ్లు క్యాంపస్ ఆసుపత్రికి వెళ్లడం తగ్గింది.

అంటే నోటితో చెప్పలేనివాళ్లు కాగితంతో మొదలుపెట్టొచ్చన్నమాట. ఇలా చేసి చూడండి.

* ‘టెన్షన్’ అన్న మాట వాడకుండా మీ బాధ ఒక్క వాక్యంలో రాయండి. ‘ఫిజిక్స్ క్లాసులో లేపి అడిగితే అందరూ నవ్వుతారని భయం’ అని రాయగలిగితే సగం పని అయినట్టే.

* అమ్మానాన్నలకే చెప్పాలని లేదు. పిన్ని, మేనమామ, పెద్దమ్మ కూతురు, ఒక టీచరు... కోప్పడకుండా వినే మనిషి ఒకరు చాలు.

* ముందే నియమం పెట్టండి. ‘పిన్నీ, సలహా ఏం వద్దు. పది నిమిషాలు వింటావా?’ అంటే ఎదుటివాళ్లకూ తేలిక.

* ముఖాముఖి కష్టమైతే చీటీ రాసి పెట్టండి. వాట్సాప్ సందేశమైనా ఫర్వాలేదు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు చెప్పడం చాలామందికి సులువు. కళ్లలోకి చూడక్కర్లేదు కదా!

* ఒకరు పట్టించుకోకపోతే మరొకరికి చెప్పండి. మొదటి తలుపు తెరుచుకోలేదని వీధిలో అన్ని తలుపులూ మూసి ఉన్నట్టు కాదు.

* స్నేహితుడు తన ప్రాణం గురించి భయపెట్టే మాట చెప్పి ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అంటే ఆ ఒట్టు మాత్రం వేయకండి. వేసినా గట్టుమీద పెట్టి పెద్దవాళ్లకు చెప్పండి. మాట తప్పినందుకు అలగొచ్చు. అలగడానికి మనిషి ఉండటం ముఖ్యం.

సాయం ఎక్కడుంది?

ఫోన్‌కాల్ దూరంలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ సేవను ప్రారంభించింది. నంబరు 14416. రోజులో ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. 18 ఏళ్లలోపు పిల్లలు ఇంట్లోగానీ బయటగానీ వేధింపులకు గురవుతుంటే 1098కి చెప్పొచ్చు.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, చాలా జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు. వెళ్లిన ప్రతివారికీ మందులు ఇస్తారనుకోవడం పొరపాటు. విషయం నలుగురికీ తెలిసిపోతుందన్న భయమూ వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకుండా సంరక్షణ అందించాలనీ కూడా ఆ చట్టమే చెబుతోంది.

కాలేజీల బాధ్యత సంగతేంటి? విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో ఓ విద్యార్థిని చనిపోయిన కేసులో, ఆమె తండ్రి న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న తీర్పు చెబుతూ కోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. మార్కుల ప్రకారం సెక్షన్లుగా విడదీయడాన్ని వీలైనంతవరకు మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించేలా రాసిపెట్టాలి. ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఏసీ గదులు, ర్యాంకుల ఫ్లెక్సీలతో పాటు ‘మీ కౌన్సెలర్ గారు ఎక్కడ కూర్చుంటారండీ?’ అని కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆ కుర్చీలో మనిషి ఉంటారు.

ఫలితాలు రాకముందే...

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయనీ ఆ తర్వాత బయటపడింది. తెలుగులో సున్నా వచ్చినట్టు చూపించిన ఓ అమ్మాయికి మళ్లీ దిద్దితే 99 మార్కులు! మార్కులను సరిదిద్దవచ్చు. సప్లిమెంటరీ రాసుకోవచ్చు. నిజంగానే తప్పినా, ఆ మెమోకన్నా మనిషి పెద్ద. ఈ మాట మనందరికీ తెలుసు. ఫలితాలొచ్చాక చెబుతాం కూడా. కానీ అప్పటికి పిల్లల చెవికి అది ఓదార్పుగానే వినిపిస్తుంది, నిజంగా కాదు. అందుకే ముందే చెప్పాలి. పరీక్షలకు నెల ముందే, మార్కుల ఊసు లేని ఓ సాయంత్రం చెప్పాలి... ‘ఏమొచ్చినా ముందు మాకే చెప్పు. తిట్టం. కలిసి చూద్దాం.’ ఆ తర్వాత నిజంగానే తిట్టకూడదు. పిల్లలు మన మాటలకన్నా మొన్న టెస్టులో మార్కులు తగ్గినప్పుడు మనం పెట్టిన మొహాన్నే గుర్తుపెట్టుకుంటారు.

అమ్మయినా అడగందే అన్నం పెట్టదంటారు. ఆకలైతే అడగడం పసివాడికీ వచ్చు. మనసు బాగోలేనప్పుడు ఎలా అడగాలో మాత్రం మనం వాళ్లకు నేర్పలేదు. నేర్చుకునేదాకా ఈ ఒక్క విషయంలో అమ్మే ముందు అడగాలి. నాన్నా అడగాలి. ‘ఏం లేదు’ అన్న జవాబొచ్చినా, రేపు మళ్లీ అడగాలి.